ఐ2సీ కంట్రోలర్ ప్రోబ్‌లో రన్‌టైమ్ పీఎం ఎప్పుడు ఎనేబుల్ చెయ్యాలి?

ప్రశ్న: నమస్తే అండీ. మా బోర్డుకి లినక్స్ ఐ2సీ (చిప్‌లని కలిపే రెండు తీగల బస్సు) కంట్రోలర్ డ్రైవర్ రాస్తున్నాను. టచ్‌స్క్రీన్ డ్రైవర్‌ని మాడ్యూల్‌గా తర్వాత లోడ్ చేస్తే బాగానే పనిచేస్తోంది. కెర్నెల్‌లోనే బిల్ట్-ఇన్ చేస్తే మాత్రం దాని ప్రోబ్ (డివైస్‌ని సిద్ధం చేసే ఫంక్షన్) -13 ఎర్రర్‌తో (అనుమతి లేదని) ఫెయిలవుతోంది. కంట్రోలర్ ప్రోబ్‌లో ముందు ఐ2సీ_యాడ్_అడాప్టర్, చివర్లో పీఎం_రన్‌టైమ్_ఎనేబుల్ (వాడనప్పుడు డివైస్‌ని నిద్రపుచ్చే రన్‌టైమ్ పీఎంని ఆన్ చేసేది) ఉన్నాయి. టచ్ డ్రైవర్‌లో -13 వచ్చినప్పుడు ప్రోబ్ డిఫర్ (తర్వాత మళ్ళీ ప్రయత్నించమని) ఇస్తే సరిపోతుందా?

జవాబు: వద్దండీ, టచ్ డ్రైవర్‌ని ముట్టుకోకండి. లోపం కంట్రోలర్‌లో ఉంది, అక్కడే సరిచెయ్యాలి.

ఐ2సీ_యాడ్_అడాప్టర్ అంటే పేరు నమోదు చేసి ఊరుకునే ఫంక్షన్ కాదు. డివైస్ ట్రీలో (బోర్డు మీద ఏ చిప్ ఎక్కడుందో కెర్నెల్‌కి చెప్పే వివరణలో) ఆ బస్సు కింద ఉన్న చిప్‌లన్నిటికీ అక్కడే డివైస్‌లు సృష్టిస్తుంది. టచ్ డ్రైవర్ అప్పటికే సిద్ధంగా ఉంటే, మీ కాల్ తిరిగి రాకముందే దాని ప్రోబ్ మొదలై చిప్‌ని చదవబోతుంది. మీ ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్‌లో పీఎం_రన్‌టైమ్_గెట్_సింక్ (కంట్రోలర్‌ని నిద్రలేపే కాల్) ఉండే ఉంటుంది. ఎనేబుల్ ఇంకా కాలేదు కాబట్టి అది -13 ఇస్తుంది. మాడ్యూల్ లోడయ్యేసరికి ఎనేబుల్ అయిపోయి ఉంటుంది, అందుకే అప్పుడు ఇబ్బంది లేదు.

నేనైతే ఇలా రాస్తాను: క్లాక్ ఆన్ చేసి, రీసెట్ తీసి, రిజిస్టర్లు సర్ది, ఐఆర్‌క్యూ (ఇంటరప్ట్) తీసుకున్నాక పీఎం_రన్‌టైమ్_సెట్_యాక్టివ్ (డివైస్ మేలుకునే ఉందని చెప్పేది). ఇది ఎనేబుల్‌కి ముందే రావాలి, ఎందుకంటే ప్రతి డివైస్‌నీ కెర్నెల్ మొదట సస్పెండెడ్‌గానే లెక్కేస్తుంది. ఆ తర్వాత ఆటోసస్పెండ్ (కాసేపు ఖాళీగా ఉంటే నిద్రపుచ్చడం) అమరికలు, గెట్_నోరెజ్యూమ్ (వాడకం లెక్క పెంచి నిద్రపోకుండా ఆపేది), ఎనేబుల్. ఇవన్నీ అయ్యాకే యాడ్_అడాప్టర్. చివర్లో ఆ లెక్క తగ్గించే పుట్_ఆటోసస్పెండ్.

ఇంకొకరు: గెట్_సింక్ ఫెయిలైనా యూసేజ్ కౌంట్ (వాడకం లెక్క) పెరిగే ఉంటుంది, ఎర్రర్ దారిలో దాన్ని తగ్గించే పుట్_నోఐడిల్ మరిచిపోతే ఆ కంట్రోలర్ ఇక నిద్రపోదు. కెర్నెల్ 5.10 నుంచి, ఫెయిలైతే కౌంట్‌ని తనే తగ్గించే పీఎం_రన్‌టైమ్_రెజ్యూమ్_అండ్_గెట్ ఉంది, అదే వాడండి.

ప్రశ్న అడిగినవారు: వరస మార్చాను, బిల్ట్-ఇన్‌గా కూడా టచ్ వస్తోంది. చాలా థాంక్స్ అండీ! రిమూవ్‌లో ఏది ముందు?

జవాబు: ముందు ఐ2సీ_డెల్_అడాప్టర్. పిల్ల డివైస్‌లు వెళ్ళిపోతూ చిప్‌ని ఆపడానికి చివరిసారి బస్సు వాడుకోవచ్చు, అంతవరకూ రన్‌టైమ్ పీఎం ఎనేబుల్‌లోనే ఉండాలి. డిసేబుల్ ఆ తర్వాతే. 5.15 నుంచి ఉన్న డెవ్ఎం_పీఎం_రన్‌టైమ్_ఎనేబుల్ వాడితే, డిసేబుల్‌తోపాటు ఆటోసస్పెండ్ తీసెయ్యడం కూడా అదే చూసుకుంటుంది. రిమూవ్ ముగిశాకే అది నడుస్తుంది కనుక వరస చెడదు.