3,704 మందికి ఒక కౌంటీ: అయోవాలో 99 కౌంటీలు ఇంకా అవసరమా?

డిమోయిన్ శీను (చర్చ మొదలు)

పోయిన వారం ఒమాహా నుంచి డిమోయిన్‌లో మా ఇంటికొస్తూ, ఇంటర్‌స్టేట్ 80 మీద ట్రక్కుల గోల పడలేక హైవే 34 పట్టుకున్నాం. దారిలో కోర్నింగ్‌లో టీ కోసం ఆగాం. టీ దొరకలేదు, అది వేరే సంగతి. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది; ఆడమ్స్ కౌంటీకి అదే ముఖ్యపట్టణం, రాత్రిపూట టీవీ షో నడిపిన జానీ కార్సన్ 1925లో పుట్టిన ఊరు. ఇంటికొచ్చి లెక్కలు తీస్తే కళ్లు తిరిగాయి. 2020 జనాభా లెక్కల ప్రకారం కౌంటీ మొత్తానికి 3,704 మంది. 99 కౌంటీల్లోకీ ఇదే చిన్నది. మా పోక్ కౌంటీలో 4,92,401. గుంటూరు వైపు ఒక మేజర్ పంచాయతీలో ఆడమ్స్‌కి రెండింతల జనం ఉంటారు.

ఆ 3,704 మందికీ ఒక కోర్ట్‌హౌస్, కౌంటీని నడిపే సూపర్వైజర్ల బోర్డు, షరీఫ్, కౌంటీ అటార్నీ, ట్రెజరర్, రికార్డర్, ఆడిటర్. అందరూ ఎన్నికైనవాళ్లే, అందరికీ ఆఫీసు, జీతం. రైతు పొద్దున్నే గుర్రబ్బండి కట్టుకుని కోర్ట్‌హౌస్‌కి వెళ్లి చీకటి పడేలోపు ఇల్లు చేరాలన్న లెక్కతో ఈ కౌంటీలు గీశారంటారు. గుర్రబ్బండి పోయి నూరేళ్లవుతోంది, గీతలు మాత్రం అలాగే ఉన్నాయి. మూడు నాలుగు కౌంటీలను ఒకటి చేస్తే ఆస్తిపన్ను తగ్గదా? నా ఓటు కలపమనే. మీ మాట చెప్పండి.

పల్లె డాక్టర్

శీను గారూ, టీ మా ఇంట్లో దొరికేది, ఒక ఫోన్ కొట్టాల్సింది.

నేను నైరుతి అయోవాలో ఒక చిన్న కౌంటీలో ఉంటాను, పేరు చెప్పను. జె-1 వీసా మినహాయింపు మీద, అంటే డాక్టర్లు కరువైన చోట పనిచేస్తానన్న ఒప్పందం మీద, మూడేళ్లు చేస్తే చాలని వచ్చాను, ఇప్పుడు ఏడో ఏడు. మొదట్లో నాదీ మీ మాటే. ఒక మంగళవారం పొద్దున మా సూపర్వైజర్ల మీటింగ్‌కి వెళ్లాక కొంచెం మారింది. ఏం చూశానో చెప్తాను, తీర్పు మీది.

కోర్ట్‌హౌస్ రెండో అంతస్తు, పొడుగు బల్ల, ముగ్గురు సూపర్వైజర్లు, మధ్యలో ఒక థర్మాస్. పక్కన ఆడిటర్ మినిట్స్ రాస్తోంది. ఇక్కడ ఆడిటర్ అంటే లెక్కల తనిఖీ ఒక్కటే కాదు, ఓటరు జాబితా, ఎన్నికలు అన్నీ ఆవిడ చేతిమీదే. విత్తనాల కంపెనీ టోపీ పెట్టుకున్న రైతు ఒకాయన లేచాడు. వాళ్ల పొలం దారిలో వాగు మీద చెక్క వంతెనకి 3 టన్నుల బరువు పరిమితి పెట్టారట. నిండు లోడుతో మొక్కజొన్న ట్రక్కు 36 టన్నులు తూగుతుంది. కోతల రోజుల్లో ప్రతి ట్రిప్పుకీ 11 మైళ్లు చుట్టు. డీజిల్ ఎవరిస్తారని అడిగాడు. కౌంటీ ఇంజనీరు మ్యాప్ పరిచి, ఇలాంటివి మన కౌంటీలో ఇంకెన్ని ఉన్నాయో వేలితో చూపిస్తూ పోయాడు. అప్పుడు ఒక సూపర్వైజర్ అన్న మాట: "నా కంబైన్ కూడా ఆ వంతెన మీదుగా పోదు, ఆ చుట్టు నేనూ తిరుగుతున్నాను."

అయోవాలో దాదాపు 24,000 వంతెనలున్నాయి. బాగోలేని వంతెనల సంఖ్యలో దేశంలోనే మొదటి స్థానం మనది. వాటిలో ఎక్కువ భాగం ఇలాంటి కౌంటీ రోడ్ల మీదివే. నాలుగు కౌంటీలు కలిపి 80 మైళ్ల అవతల బోర్డు పెడితే ఆ వంతెన జాబితాలో ఎక్కడుంటుంది?

డిమోయిన్ శీను

డాక్టర్ గారూ, సీన్ బాగుంది. కానీ వంతెన బాగుపడిందా? అంత దగ్గర్లో వినే చెవి ఉండీ డబ్బు లేకపోతే అది ఓదార్పే కానీ పాలన కాదు.

ఇంకోటి. కౌంటీలకి పెద్ద అధికారం ఉందనుకోవడమే భ్రమ. కార్బన్ డయాక్సైడ్ పైపులైను ఇళ్లకి ఎంత దూరంలో పోవాలో షెల్బీ కౌంటీ, స్టోరీ కౌంటీ రూల్స్ పెట్టాయి. ఆ పైపులైను కంపెనీ సమ్మిట్ కార్బన్ సొల్యూషన్స్ కోర్టుకెళ్లింది. 2023 డిసెంబర్‌లో ఫెడరల్ జడ్జి కంపెనీ వైపే తీర్పిచ్చాడు. మానసిక ఆరోగ్య సేవల ఖర్చు కౌంటీల ఆస్తిపన్ను నుంచి తీసేసి రాష్ట్రం తనమీద వేసుకునేలా 2021లో చట్టం చేశారు. ఇక మిగిలింది కంకర రోడ్డు, నంబర్ ప్లేటు.

రెవెన్యూ రాంబాబు (నరసరావుపేట)

నేను రిటైరైన డిప్యూటీ తహసీల్దారుని. మా అబ్బాయి సీడార్ ర్యాపిడ్స్‌లో ఉంటాడు కనుక ఈ చర్చ చదువుతున్నాను.

మీరేమో 99ని తగ్గించమంటున్నారు, మేమేమో పెంచుకుంటూ పోతున్నాం. 1985లో ఎన్టీఆర్ గారు తాలూకాలు తీసి మండలాలు పెట్టినప్పుడు నేను జూనియర్ అసిస్టెంటుని. ఫైళ్లు ఎద్దుబండి మీద తరలించాం, అబద్ధం కాదు. 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి, మా నరసరావుపేట పల్నాడుకి జిల్లా కేంద్రమైంది. జనానికి దూరం తగ్గింది, ఒప్పుకుంటాను. కానీ ఇల్లు అలకగానే పండగ కాదు కదా. ఒక కొత్త జిల్లా ఆఫీసులో, ఏదని అడగకండి, నేను కళ్లారా చూశాను: అద్దె భవనం, కుర్చీలు పక్క శాఖవి, ముఖ్యమైన సీట్లన్నీ ఇన్‌ఛార్జులే. అర్జీ పెట్టుకోవడానికి వచ్చిన ముసలాయనకి "సారు పాత జిల్లాకి వెళ్లారు" అని చెప్పి పంపించారు.

మీ దగ్గర నాకు వింతగా తోచింది వేరు. రికార్డర్ అంటే మా సబ్ రిజిస్ట్రార్ లాంటివారే కదా? ఆయన్ని జనం ఓటేసి ఎన్నుకుంటారా! మాకు కలెక్టరు ఎక్కణ్ణుంచో బదిలీ మీద వస్తారు, మంచివారైతే మన అదృష్టం. ఓటుతో వచ్చినవాణ్ణి మర్నాడు కిరాణా కొట్లో పట్టుకుని అడగొచ్చు. ఆ సౌకర్యానికి ఖరీదు ఎంతో శీను గారు లెక్క కట్టారా?

ఏమ్స్ పిల్ల

నేను అయోవా స్టేట్ యూనివర్సిటీలో చదువుతున్నా. కలపాలా వద్దా అనే ముందు, కలపడం ఎంత కష్టమో ఒకసారి చూడండి. కౌంటీ హద్దులు మార్చే చట్టం ఏదైనా, దాని వల్ల మారే ప్రతి కౌంటీలోనూ విడివిడిగా జనం ఓటేసి మెజారిటీతో ఒప్పుకోవాలి. ఇది రాష్ట్ర రాజ్యాంగంలోనే ఉంది. అంటే నాలుగు కౌంటీలు కలపాలంటే నాలుగు చోట్లా గెలవాలి. ఒక్కచోట ఓడితే కథ కంచికి.

అదే రాజ్యాంగంలో ఇంకో అంకె ఉంది: 432 చదరపు మైళ్లు. కొత్త కౌంటీ అంతకంటే చిన్నది కాకూడదు, ఉన్నదాన్ని అంతకంటే తగ్గించకూడదు. ఉత్తరపు అంచున వర్త్ కౌంటీకీ దాని పడమటి కౌంటీలకీ మాత్రం మినహాయింపు. 432 ఎక్కణ్ణుంచి వచ్చిందా అని బుర్ర గోక్కున్నా. టౌన్‌షిప్పు అంటే ఆరు మైళ్ల పొడవు, ఆరు మైళ్ల వెడల్పు, 36 చదరపు మైళ్లు. పన్నెండు ముప్పయ్యారులు 432. ఆడమ్స్‌లో ఉన్నవి సరిగ్గా 12 టౌన్‌షిప్పులు! శీను గారు ఎగతాళి చేసింది కొలిచి గీసిన కనీసపు కౌంటీ అన్నమాట.

నంబర్ ప్లేటుని తేలిగ్గా తీసేయకండి. ఇక్కడ ప్లేటు కింద కౌంటీ పేరు ఉంటుంది. శుక్రవారం రాత్రి హైస్కూల్ ఫుట్‌బాల్ మ్యాచ్ దగ్గర పార్కింగ్‌లో ఎవరెక్కణ్ణుంచి వచ్చారో దాన్ని చూసే చెప్పుకుంటారు. మనకి ఏపీ 16 అంటే కృష్ణా, ఏపీ 7 అంటే గుంటూరు అని ఉండేది కదా. 2019లో అందరికీ ఏపీ 39 చేశాక మా నాన్న ఇప్పటికీ పాత స్కూటర్ అమ్మట్లేదు, ఆ 16 కోసమే.

అన్నట్టు, కోర్నింగ్ స్కూలూ విలిస్కా స్కూలూ సౌత్‌వెస్ట్ వ్యాలీ పేరుతో కలిసి నడుస్తున్నాయి. విలిస్కా ఉన్నది పక్కనున్న మాంట్‌గోమరీ కౌంటీలో. పిల్లల విషయంలో గీత ఎప్పుడో చెరిగిపోయింది. కాబట్టి నేను ఎటువైపో నాకే తెలియట్లేదు.

ఆల్ఫారెటా ఆనంద్

కలిపితే ఏమవుతుందో జార్జియాలో మా ఊళ్లో చూడండి. సగం తెలుగువాళ్లం ఇక్కడే ఉన్నాం కానీ చాలామందికి తెలియదు, ఆల్ఫారెటా ఒకప్పుడు కౌంటీ కేంద్రం. మిల్టన్ కౌంటీ, 1857లో పుట్టింది. మహామాంద్యంలో దివాలా అంచుకొచ్చి 1932లో అట్లాంటా ఉన్న ఫుల్టన్‌లో కలిసిపోయింది. దక్షిణాన క్యాంప్‌బెల్ కౌంటీ కూడా అప్పుడే కలిసింది. అందుకే ఫుల్టన్ మ్యాప్‌లో పడుగులా సాగి ఉంటుంది.

ఆ తర్వాత? మా పన్ను అట్లాంటాకి పోతోంది, మిల్టన్‌ని మళ్లీ తెమ్మని ఇక్కడ ఏళ్లకేళ్లు గొడవ. జార్జియా రాజ్యాంగం 159 కౌంటీలకి మించి ఒప్పుకోదు కాబట్టి ఆగింది. 2006లో మిల్టన్ అనీ జాన్స్ క్రీక్ అనీ సొంతంగా నగరాలు పెట్టుకుని సరిపెట్టుకున్నారు. కలిపేయడం ఒక్కరోజు పని, విడదీయడం తరాల పని.

డిమోయిన్ శీను

ఆనంద్ గారూ, మీ ఉదాహరణ నాకే పనికొస్తుంది. దివాలా తీసే కౌంటీని పక్క కౌంటీ ఆదుకుంది. డబ్బు చేరాక, మా డబ్బు మాకే అన్నారు. దాన్ని స్థానిక పాలన మీద ప్రేమ అనాలా? పైగా ఆల్ఫారెటా పెరిగింది. 1900లో ఆడమ్స్‌లో పదమూడు వేల పైచిలుకు జనం ఉండేవారు. ట్రాక్టర్లు వచ్చాయి, పొలాలు పెద్దవయ్యాయి, ఇళ్లు తగ్గాయి. అది ఆల్ఫారెటా కాబోదు.

ములుగు మురళి

అన్నా, ఓ మాట చెప్త. 2016ల తెలంగాణల 10 జిల్లాలు 31 అయినయ్, మమ్ముల భూపాలపల్లిల కలిపిన్రు. కొట్లాడంగ కొట్లాడంగ 2019 ఫిబ్రవరిల ములుగు జిల్లా అయింది. జనం తక్కువ, అడివి ఎక్కువ, ఈ చిన్న జాగకు జిల్లా ఎందుకని అప్పుడు హైదరాబాద్ల కూసున్నోళ్లు అన్నరు. మీరు డిమోయిన్ల కూసొని అదే అంటున్నరు. మాట ఒక్కటే, ఊరే మారింది.

పల్లె డాక్టర్

మురళి గారి మాటకి నవ్వొచ్చింది, కానీ శీను గారి ప్రశ్నకి జవాబు బాకీ ఉంది. వంతెన ఇంకా బాగుపడలేదు. నిజం.

అయినా ఒకటి చెప్తా. 2024 మే 21న గ్రీన్‌ఫీల్డ్‌ని ఇఎఫ్-4 స్థాయి భీకర టోర్నడో ఊడ్చేసింది, గుర్తుందిగా. అది అడైర్ కౌంటీ కేంద్రం, రెండు వేల జనం. ఊళ్లో నలుగురు పోయారు, ఆడమ్స్ కౌంటీలో ఇంకొకరు. అదే గాలికి గాలిమరలు కూడా విరిగిపడ్డాయి. ఊళ్లోని ఆసుపత్రే దెబ్బతింది, రోగుల్ని బయటికి తరలించాల్సి వచ్చింది. ఆ సాయంత్రం పక్క కౌంటీల నుంచి అంబులెన్సులు, ఫైరింజన్లు బయల్దేరాయి.

డిమోయిన్ శీను

చూశారా, గీత దాటే వచ్చారు కదా! ఆపదలో గీత అడ్డురానప్పుడు మామూలు రోజుల్లో ఎందుకు?

పల్లె డాక్టర్

రావడానికి పక్క కౌంటీలో ఒక అంబులెన్సు ఉండబట్టి వచ్చింది, శీను గారూ. నాలుగు కౌంటీలకీ కలిపి ఒకేచోట పెట్టుంటే అది ఎక్కడుండేది? గ్రీన్‌ఫీల్డ్‌లోనే ఉండి దానితోపాటే నుజ్జయ్యేదేమో.

అసలు గుట్టు అంబులెన్సు దగ్గరే ఉంది. అయోవా చట్టంలో పోలీసు, ఫైరు తప్పనిసరి సేవలు, అంబులెన్సు కాదు. 2021లో ఒక దారి తెరిచారు: సూపర్వైజర్లు దాన్ని అత్యవసర సేవగా ప్రకటించి జనం ముందు పెట్టాలి, 60 శాతం ఒప్పుకుంటే పన్ను వేయొచ్చు. మా అంబులెన్సులో ఎవరొస్తారో తెలుసా? స్కూల్ బస్సు నడిపే ఆవిడ, బ్యాంకు కౌంటర్లో కూర్చునే కుర్రాడు. పేజర్ మోగితే కౌంటర్ మూసి పరుగెత్తుతాడు, లైన్లో ఉన్నవాళ్లు ఏమీ అనరు. మేం ఓటు పెట్టాం. 60 రాలేదు. పన్ను అంటే భయం, అందులో శీను గారి మాట నిజం. కానీ ఆ భయాన్ని ఇంటింటికీ తిరిగి తగ్గించే పని మా ముగ్గురు సూపర్వైజర్లు చేశారు. కొందరు తలుపు తీయలేదు కూడా.

డిమోయిన్ శీను

డాక్టర్ గారూ, ఒకటి సూటిగా అడుగుతా, ఏమనుకోకండి. మీకూ నాకూ గ్రీన్‌కార్డు లైనే దాటలేదు. ఓటు లేదు. ఆస్తిపన్ను మాత్రం కడుతున్నాం. మనకెందుకు ఈ తాపత్రయం?

పల్లె డాక్టర్

మీటింగ్‌లో పబ్లిక్ కామెంట్ అని ఉంటుంది. మూడు నిమిషాలు, పాస్‌పోర్టు అడగరు. అంబులెన్సు గురించి నేను మాట్లాడింది అక్కడే. చెమటలు పట్టాయి, రెండు నిమిషాల్లో ముగించేశా.

సరే, బేరానికి వస్తాను. రికార్డర్‌ని పంచుకోండి, ఆస్తుల విలువ కట్టే అసెసర్ని పంచుకోండి, ఇంజనీరుని పంచుకోండి. ఇంజనీరు విషయంలో 28ఇ ఒప్పందాల కింద, అంటే పనులు కలిసి చేసుకోవచ్చన్న రాష్ట్ర చట్టం కింద, కొన్ని కౌంటీలు ఇప్పటికే చేస్తున్న పనే. జనం రోజూ చూడని ఆఫీసుల్లో మీ ఆదా మీరు తీసుకోండి. మంచు పడ్డ రాత్రి రోడ్డు మీద మంచు తోసే గ్రేడర్ బండి నడిపేవాణ్ణి, అంబులెన్సుని, ఆ మంగళవారం బల్లని మాత్రం ముట్టుకోకండి.

ఏమ్స్ పిల్ల

ఈ బేరానికి నా ఓటు. ఓటు లేకపోయినా.

రెవెన్యూ రాంబాబు (నరసరావుపేట)

డాక్టర్ గారూ, మనలో మాట, గ్రేడర్ నడిపేవాణ్ణి కూడా ఎన్నుకుంటారా?

పల్లె డాక్టర్

లేదండీ, అతను ఉద్యోగే. కానీ అతనికి రాత్రి రెండింటికి ఫోన్ చేయగలిగేవాళ్లు ఎన్నికైనవాళ్లు.

డిమోయిన్ శీను

జనాభా ఇంకో వెయ్యి తగ్గాక మీ బేరం కూడా నిలవదని నా అనుమానం. కానీ ఆ వంతెన సంగతి తేలేదాకా వాదన ఆపుతున్నా. మళ్లీ ఎప్పుడు వస్తోంది అది?

పల్లె డాక్టర్

వచ్చే మంగళవారం తొమ్మిదింటికి అజెండాలో ఉంది. రండి, మీకూ మూడు నిమిషాలు. ఈసారి టీ ఫ్లాస్కులో నేను తెస్తా. బల్లమీదున్న థర్మాస్ జోలికి మాత్రం వెళ్లకండి, అది వాళ్లది.