ఎక్స్‌రే టైమింగ్ బాగుపడాలంటే క్రిస్టల్ మార్చాలా, వెనకున్న ఎలక్ట్రానిక్సా?

నానోసెకను
పల్స్‌డ్ ఎక్స్‌రే సోర్స్, ఎనర్జీ 20 నుంచి 60 కేఈవీ (కిలో ఎలక్ట్రాన్ వోల్టులు). 3×3×20 మి.మీ. ఎల్‌వైఎస్‌ఓ (ఎక్స్‌రే పడితే మెరిసే క్రిస్టల్) ముక్క, దాని వెనక ఆ వెలుగుని పట్టే సెన్సార్, సిలికాన్ ఫోటోమల్టిప్లయర్. పెట్ స్కానర్లలో ఇలాంటి జోడీతోనే 200 పికోసెకన్ల దగ్గరికి వెళ్ళారు కదా, మాకు మాత్రం ఎక్స్‌రే పడిన సమయం నానోసెకన్లలో చెదిరిపోతోంది. 40 నానోసెకన్ల డికే (వెలుగు ఆరే సమయం) ఉన్న ఈ క్రిస్టల్ తీసేసి, ఫాస్ట్ వెలుగు 1 నానోసెకను లోపే ఆరిపోయే బేరియం ఫ్లోరైడ్ పెడదామని నా వాదన. టీమ్‌లో సగం మంది ముందు ఎలక్ట్రానిక్స్ అంటున్నారు. మీరేమంటారు?

ఫోటాన్_లెక్క
పెట్‌తో పోల్చకండి, అక్కడ 511 కేఈవీ. మీ 20 కేఈవీకి ఎల్‌వైఎస్‌ఓ ఇచ్చేది మహా అయితే 600 ఫోటాన్లు, తక్కువ ఎనర్జీలో దాని వెలుగు ఇంకా పడిపోతుంది కాబట్టి నిజానికి అంత కూడా రావు. బేరియం ఫ్లోరైడ్ ఫాస్ట్ భాగం ఎంఈవీకి (1000 కేఈవీ) 1400 ఫోటాన్లు అనుకుంటే మీకు దక్కేవి 28! డికే టైమ్ ఒక్కటే చూసి క్రిస్టల్ ఎంచుకోవడం దగ్గరే అందరూ పొరపడతారు, చూడాల్సింది మొదటి నానోసెకనులో ఎన్ని ఫోటాన్లు పుడతాయి అని. రైజ్ టైమ్ (వెలుగు పెరగడానికి పట్టే సమయం) పక్కన పెట్టి లెక్కేస్తే 20 కేఈవీకి ఎల్‌వైఎస్‌ఓ సుమారు 15, బేరియం ఫ్లోరైడ్ 20, లాంథనం బ్రోమైడ్ 75 (డికే 16 నానోసెకన్లే అయినా ఎంఈవీకి 63,000 ఇస్తుంది కాబట్టి). పైగా బేరియం ఫ్లోరైడ్ వెలుగు 220 నానోమీటర్ల దగ్గర, మామూలు గ్రీజు, ఎపాక్సీ విండో దాన్ని మింగేస్తాయి. లాంథనం బ్రోమైడ్ తేమకి పాడైపోతుంది, సీల్ చేసిన డబ్బాలో ఉండాలి, ముందు బెరీలియం లాంటి పల్చటి విండో కావాలి, అదే దాని కష్టం.

వేగం_కావాలి
ఒక్క పల్స్‌కైతే మీ లెక్క ఓకే అండి. కౌంట్ రేట్ పెరిగాక 16 నానోసెకన్ల తోక కూడా పైలప్ అయి (ఒకదాని మీద ఒకటి పడి) తర్వాతి పల్స్ టైమింగ్ పాడు చేస్తుంది కదా. ప్లాస్టిక్ ఎందుకు వద్దు? డికే 2 నానోసెకన్లు, ఎంఈవీకి 10,000, మీ లెక్కలోనే మొదటి నానోసెకనులో 75 పైనే వస్తాయి.

ఫోటాన్_లెక్క
ఎక్స్‌రే పూర్తిగా ఆగితే వస్తాయి, కానీ ప్లాస్టిక్‌లో ఉన్నది కార్బన్, హైడ్రోజన్. 20 కేఈవీ ఫోటాన్ కాంప్టన్ అయి (ఎలక్ట్రాన్‌ని గుద్ది దారి మళ్ళి) వెళ్ళిపోతే ఎలక్ట్రాన్‌కి దక్కేది ఎక్కువలో ఎక్కువ ఒకటిన్నర కేఈవీ, దాంతో ఏం వెలుగు వస్తుంది? సీసం కలిపిన ప్లాస్టిక్ వాడొచ్చు, సింక్రోట్రాన్‌లలో (పెద్ద ఎక్స్‌రే యంత్రాల్లో) నికెల్-61 మీద ప్రయోగాలు చేసేవాళ్ళు 67.4 కేఈవీకి అది వాడారు, ఎందుకంటే అంత ఎనర్జీకి పల్చటి సిలికాన్ ఏపీడీ (అవలాంచ్ ఫోటోడయోడ్) సరిగ్గా ఆపలేదు. కాకపోతే సీసం పెంచేకొద్దీ వెలుగు తగ్గుతుంది. కౌంట్ రేట్ నిజంగా మీకు సమస్య అయితే తప్ప నేను అటు వెళ్ళను.

కొత్తగా_వచ్చా
బీజీఓ క్రిస్టల్‌లో చెరెంకోవ్ వెలుగు (ఎలక్ట్రాన్ ఆ పదార్థంలో కాంతి కంటే వేగంగా వెళ్తే వచ్చేది) పట్టుకుని టైమింగ్ బాగు చేస్తున్నారు కదా, ఇక్కడ పనికిరాదా?

త్రెషోల్డ్
రాదు. చెరెంకోవ్ రావాలంటే ఎలక్ట్రాన్‌కి బీజీఓలో దాదాపు 65 కేఈవీ, ఎల్‌వైఎస్‌ఓలో 100 కావాలి. ఈ ఎనర్జీలో మొదలే కాదు.

అసలు ప్రశ్నకొస్తే, ఎలక్ట్రానిక్స్ అన్న సగం మంది మాట కూడా వినండి. 20కి, 60కి పల్స్ ఎత్తు మూడింతల తేడా, ఒకే త్రెషోల్డ్ (టైమ్ నమోదయ్యే ఎత్తు) పెడితే చిన్న పల్స్ ఆలస్యంగా దాటుతుంది, ఆ టైమ్ వాక్ సరిచేయకుండా ఏ క్రిస్టల్ పెట్టినా అంతే. కాన్‌స్టంట్ ఫ్రాక్షన్ (ప్రతి పల్స్‌కీ దాని ఎత్తులో ఒకే వంతు దగ్గర టైమ్ తీసే పద్ధతి) పెడితే అయిపోతుందంటారు గానీ ఇన్ని తక్కువ ఫోటాన్లకి పల్సే గుట్టలు గుట్టలుగా ఉంటుంది, నున్నగా ఎక్కదు. అందుకే త్రెషోల్డ్ మొదటి ఒకటి రెండు ఫోటాన్ల దగ్గర పెట్టి, పల్స్ వెడల్పు చూసి కరెక్షన్ ఇవ్వడం మేలు. అంత కిందకి దించితే డార్క్ కౌంట్లు (వెలుగు లేకుండానే సెన్సార్ ఇచ్చే పల్సులు) ముంచేస్తాయి, చదరపు మి.మీ.కి సెకనుకి 50 వేలు అనుకున్నా మీ 9 చదరపు మి.మీ.కి నాలుగున్నర లక్షలు. చల్లబరచండి, 8–10 డిగ్రీలకోసారి సగమవుతాయి. మీది పల్స్‌డ్ సోర్స్ కాబట్టి దాని క్లాక్‌తో గేట్ (ఆ కాసేపే సిగ్నల్ తీసుకునే ఏర్పాటు) పెడితే మిగిలిన వాటిలో చాలావరకు బయటే ఆగిపోతాయి.

ఇంకోటి, ఆ 20 మి.మీ. పొడుగు ఎందుకండీ? అది 511 కేఈవీ కోసం కోసిన ముక్క. 20 కేఈవీ ఎక్స్‌రేలు ఎల్‌వైఎస్‌ఓలో 0.1 మి.మీ. లోపే చాలావరకు ఆగిపోతాయి, ఆ వెలుగు మిగతా పొడుగంతా గోడలకి కొట్టుకుంటూ సగం పోగొట్టుకుని సెన్సార్‌కి చేరుతోంది. ముందు అదే క్రిస్టల్ 1 మి.మీ. పలకగా కోయించి కొలవండి, లాంథనం బ్రోమైడ్ ఆర్డర్ ఆ తర్వాత.

నానోసెకను
పలక కోయిస్తాం. గేట్ వెడల్పు ఎంత పెట్టమంటారు, డికే 40 ఉంది కదా, అదంతా కవర్ చేయాలా?

త్రెషోల్డ్
ట్రిగ్గర్ గేట్‌కి అక్కర్లేదు, మొదటి ఫోటాన్ పడే కొద్ది నానోసెకన్ల చుట్టూ ఉంటే చాలు. పల్స్ వెడల్పు కొలిచే విండో మాత్రం వేరుగా, 150 నానోసెకన్ల దాకా తెరిచి ఉంచండి.