ఒకప్పుడు లైసెన్స్ ఉంటేనే చేయనిచ్చి ఇప్పుడు ఎవరూ అడగని మామూలు పనులు ఏమున్నాయి?

వెన్నెలదారి:
అందరికీ నమస్తే. మా అమ్మాయి లెర్నర్ లైసెన్స్ టెస్టుకి చదువుకుంటూ నిన్న రాత్రి ఒక ప్రశ్న వేసింది. నడవడానికి లైసెన్స్ లేదు, సైకిల్‌కి లేదు, బండికి మాత్రం కావాలి, ఈ గీత ఎక్కడ గీయాలో ఎలా తేల్చారమ్మా అని. బండి వల్ల ప్రమాదం కదా అన్నా. వెంటనే "మరి టీవీ చూడ్డానికి లైసెన్స్ కట్టే దేశాలున్నాయిగా, టీవీ చూస్తే ఎవరికి దెబ్బ తగులుతుంది" అంది. నాకు నోట మాట రాలేదు. ఏదో ఒకటి చెప్పి పంపేయడం నాకిష్టం లేదు, నిజంగా తెలుసుకుని చెప్పాలనుంది. ఏయే పనులకి లైసెన్స్ ఉండేది, ఎందుకు పెట్టారు, ఎందుకు ఎత్తేశారు, తెలిసినవాళ్ళు కొంచెం వివరంగా రాయండి ప్లీజ్.

పాతరేడియో:
మీ అమ్మాయి అసలు చోటే పట్టుకుందండీ. లైసెన్స్ అని ఒకే మాట వాడతాం గానీ అందులో రెండు రకాలు కలిసిపోయి ఉన్నాయి, ఒకటి డబ్బు కట్టావని ఇచ్చే రసీదు, రెండోది నీకు ఈ పని వచ్చని ఇచ్చే సర్టిఫికెట్. టీవీది మొదటి రకం. బ్రిటన్‌లో 1922 నవంబర్‌లో రేడియో వినడానికి ఏడాదికి 10 షిల్లింగుల లైసెన్స్ పెట్టారు, ఆ డబ్బుతోనే బీబీసీ నడవాలి, ప్రకటనలు ఉండవు కాబట్టి. 1946లో టీవీకి 2 పౌండ్ల లైసెన్స్ వచ్చింది, 1968లో కలర్ టీవీకి విడిగా ఎక్కువ రేటు పెట్టారు. ఇంట్లో రేడియోకి కట్టినా సరే కారులో రేడియో ఉంటే దానికి ఇంకో లైసెన్స్ తీసుకోవాలి, రేడియో లైసెన్స్ మొత్తానికే 1971లో తీసేశారు. టీవీది మాత్రం ఇప్పటికీ ఉంది, బ్లాక్ అండ్ వైట్ సెట్‌కి తక్కువ రేటుతో సహా.

ఇండియాలోనూ రేడియోకి, టీవీకి పోస్టాఫీసులో లైసెన్స్ కట్టేవాళ్ళు, 1980ల మధ్యలో ఎత్తేశారు. ఇక్కడ నాకు ముఖ్యం అనిపించేది ఏంటంటే, 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా వైర్‌లెస్ సెట్ దగ్గర ఉంచుకోవడమే నేరం, వింటున్నావా లేదా అన్నది తర్వాత సంగతి. అంటే ఆ చట్టం కళ్ళకి రేడియో పాటలు వినే పెట్టె కాదు, తంతి లాంటి ఒక ప్రభుత్వ వ్యవహారం. నేను పాత సెట్లు రిపేర్ చేస్తుంటా, ఒక సెట్ మూత విప్పిన ప్రతిసారీ ఇది గుర్తొస్తుంది, వినడం అనే పని కోసం మనుషులు ఏటా క్యూలో నిలబడ్డారు కదా అని.

సైకిల్‌చక్రం:
రసీదు రకానికి ఇంకా పాతవి ఉన్నాయి. రష్యాలో పీటర్ ది గ్రేట్ అనే చక్రవర్తి గడ్డం మీద పన్ను వేశాడు, కట్టినవాళ్ళకి ఒక లోహపు బిళ్ళ ఇచ్చేవాళ్ళు, 1705 నాటి బిళ్ళల మీద ముక్కు, మీసం, గడ్డం బొమ్మ, "డబ్బు ముట్టింది" అన్న మాట ఉంటాయి. పల్లెలో రైతు గడ్డంతో ఊరికే తిరగొచ్చు, పట్నం గేటు దాటేటప్పుడు మాత్రం కట్టాలి. బ్రిటన్‌లో 1795లో జుట్టుకి పౌడర్ వేసుకోవాలంటే ఏడాదికి ఒక గినీ (అప్పటి నాణెం, 21 షిల్లింగులు) కట్టి సర్టిఫికెట్ తీసుకోవాలని చట్టం తెచ్చారు. యుద్ధం ఖర్చులు నెత్తిన పడ్డాయి, ఉన్నవాళ్ళ దగ్గర నుంచి రాబట్టాలి, అదీ లెక్క. చాలామంది పౌడర్ వేసుకోవడమే మానేశారు, చట్టం మాత్రం 1869 దాకా పుస్తకాల్లో అలాగే ఉంది.

కుక్క లైసెన్స్ కథ వేరు. బ్రిటన్‌లో 1987లో అది ఎత్తేసే నాటికి ఫీజు 37 పెన్నీలు, వసూలు చేయడానికయ్యే ఖర్చు దానికన్నా ఎక్కువ. ఉత్తర ఐర్లండ్‌లో ఇంకా ఉంది.

నా పేరు చూశారుగా, సైకిల్ గురించి చెప్పకుండా ఉండలేను. స్విట్జర్లాండ్‌లో సైకిల్‌కి ఏటా ఒక స్టిక్కర్ కొని అంటించుకోవాలి, 2012లో తీసేశారు. ఇది అన్యాయమైన పన్ను అని నేనెప్పుడూ అనను, ఎందుకంటే ఆ స్టిక్కర్‌లోనే ఇన్సూరెన్స్ ఉండేది, నువ్వు సైకిల్‌తో ఎవరినైనా గుద్దితే వాళ్ళకి పరిహారం దాన్నుంచే వచ్చేది. కట్టిన డబ్బు ఎటు పోతుందో కళ్ళకి కనపడే లైసెన్స్ అది, అలాంటివి చాలా తక్కువ.

తీగమీదపిట్ట:
మూడో రకం ఒకటుంది, దాన్ని మర్చిపోకండి. నీ మీద కన్నేసి ఉంచడానికి ఇచ్చేది. రుమేనియాలో నియంత చౌషెస్కు హయాంలో 1983లో టైప్‌రైటర్ ఉన్న ప్రతివాళ్ళూ పోలీసుల దగ్గర రిజిస్టర్ చేయించుకోవాలని డిక్రీ తెచ్చారు. అక్కడితో అయిపోలేదు, ఆ మెషిన్ మీద టైప్ చేసిన నమూనా కాగితం ఏటా ఇచ్చి రావాలి. ప్రతి టైప్‌రైటర్ అక్షరాల్లో ఏదో చిన్న తేడా ఉంటుంది కదా, ఎక్కడైనా ప్రభుత్వాన్ని తిట్టే కరపత్రం దొరికితే ఏ ఇంట్లో తయారైందో పట్టుకోడానికి. నమ్మకం లేని మనిషి అనుకుంటే అసలు మెషిన్ ఉంచుకోనిచ్చేవాళ్ళే కాదు. ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు, ఒక ఉత్తరం రాసుకునే వస్తువు కదా అది.

దీనికి పక్కన పోర్చుగల్ సిగరెట్ లైటర్ లైసెన్స్ పెట్టి చూడండి. 1937 నుంచి 1970 దాకా లైటర్ వాడాలంటే లైసెన్స్ జేబులో ఉండాలి, లేకపోతే జరిమానా. అగ్గిపెట్టెల పరిశ్రమని కాపాడ్డానికి, ఖజానాకి నాలుగు డబ్బులు రావడానికి పెట్టారు. అదీ చిరాకే, కానీ భయం కాదు. లైసెన్స్ అన్నప్పుడు నేనైతే ఫీజు ఎంత అని అడగను, ఆ రిజిస్టర్ ఎవరి చేతిలో ఉంది అని అడుగుతా.

రోడ్డుగుర్తు:
నేను డ్రైవింగ్ నేర్పిస్తాను కాబట్టి పాప అసలు ప్రశ్నకి వస్తా. బండికి లైసెన్స్ కూడా మొదట్లో పని వచ్చని ఇచ్చింది కాదండీ. 1888లో కార్ల్ బెంజ్ తన కారు నడపడానికి ప్రభుత్వం దగ్గర రాతపూర్వకంగా పర్మిషన్ తీసుకున్నాడు, అదీ చుట్టుపక్కల జనం చప్పుడు, వాసన అని గొడవ చేస్తే. బ్రిటన్‌లో 1904 జనవరి నుంచి లైసెన్స్ తప్పనిసరి చేశారు, 17 ఏళ్ళు నిండి 5 షిల్లింగులు కడితే చేతికిచ్చేసేవాళ్ళు, పరీక్ష లేదు ఏమీ లేదు. అలా 30 ఏళ్ళు గడిచాయి. 1934లో ఒక్క ఏడాదిలో రోడ్ల మీద 7 వేల మందికి పైగా చనిపోయారు, అదీ ఇప్పుడున్నన్ని బండ్లు లేని రోజుల్లో. ఆ తర్వాతే, 1935 జూన్ నుంచి డ్రైవింగ్ టెస్ట్ తప్పనిసరి అయింది. అప్పటికే నడుపుతున్న పాతవాళ్ళకి మాత్రం టెస్ట్ పెట్టలేదు.

కాబట్టి ఆ గీత ఎవరూ ముందే కూర్చుని ఆలోచించి గీసింది కాదు, అన్ని చావులు చూశాక గీసింది. నా దగ్గరికి వచ్చే పిల్లలు కార్డు ఎప్పుడొస్తుంది సార్ అనే అడుగుతారు, నేను మొదటి రోజు ఈ 1904, 1935 సంగతి చెప్పాకే బండి తాళం ఇస్తా.

వెన్నెలదారి:
సార్ మీ జవాబు దానికి చదివి వినిపించా, చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఇంకోటి అడిగింది, మరి పరీక్ష పెట్టే లైసెన్సులన్నీ మంచివేనా అని.

తరంగం:
కాదమ్మా, అన్నీ కావు. అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో పూల వ్యాపారం చేయాలంటే లైసెన్స్ ఉండేది, 2010 దాకా పూలు అమర్చి చూపించే ప్రాక్టికల్ పరీక్ష కూడా పెట్టేవాళ్ళు, మార్కులు వేసేది ఎవరంటే అప్పటికే లైసెన్స్ ఉన్న పూలవాళ్ళు. కొత్తగా వచ్చేవాడు తమకే పోటీ కదా, వాళ్ళు మార్కులు ఎలా వేస్తారు? పూలు సరిగ్గా అమర్చకపోతే ఎవరికీ ఏమీ కాదు. అలాంటి పరీక్ష తలుపుకి అడ్డం పెట్టిన గడియే.

ఇంకోవైపు, నేను హామ్ రేడియో ఆపరేటర్ని, అంటే సరదాకి సొంత సెట్‌తో దూరాలవాళ్ళతో మాట్లాడేవాణ్ణి, పరీక్ష రాసే లైసెన్స్ తెచ్చుకున్నా, ఆ పరీక్ష ఉండాల్సిందే అంటా. మా సిగ్నల్ దేశాలు దాటిపోతుంది, తప్పు ఫ్రీక్వెన్సీలో నొక్కితే ఇంకెవరి అత్యవసర కబురో పాడవుతుంది. అలాగని అన్నీ పట్టుకుని వేలాడక్కర్లేదు, మోర్స్ కోడ్ (చుక్కలు, గీతలతో అక్షరాలు పంపే పద్ధతి) రావాలనే అంతర్జాతీయ నియమాన్ని 2003లో సడలించారు, అమెరికాలో 2007లో పూర్తిగా తీసేశారు, రేడియో చచ్చిపోలేదు, కొత్త పిల్లలు వచ్చారు.

లైసెన్స్ తీసేస్తే ఏమవుతుందో చూడాలంటే మీ ఇంట్లో వైఫై చూడండి. 1985లో అమెరికాలో కొన్ని రేడియో బ్యాండ్లని, అంటే ఫ్రీక్వెన్సీల వరసల్ని, లైసెన్స్ లేకుండా తక్కువ పవర్‌తో ఎవరైనా వాడుకోవచ్చని వదిలేశారు, వైఫై పుట్టింది ఆ వదిలేసిన జాగాలోనే. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌ని ఇండియాలో 2005లో వదిలారు. పవర్ తక్కువ కాబట్టి తప్పు చేసినా పక్కింటి దాకానే, అందుకే వదలగలిగారు. డ్రోన్లకీ ఇదే లెక్క, 250 గ్రాముల దాకా బరువున్న బుల్లి డ్రోన్‌కి ఇండియాలో పైలట్ సర్టిఫికెట్ అడగరు, బరువు పెరిగి వ్యాపారానికి ఎగరేస్తే అడుగుతారు, ఎందుకంటే నెత్తిన పడితే దెబ్బ బరువుని బట్టే.

పాపకి హామ్ రేడియో మీద ఆసక్తి ఉంటే చెప్పండి, ఇండియాలో 12 ఏళ్ళు నిండితే పరీక్ష రాయొచ్చు, ఎలా చదవాలో నేను చెప్తా.

వెన్నెలదారి:
దానికి 17 నిండుతున్నాయండీ. మీ మెసేజ్ చదివి మోర్స్ చార్ట్ ఎక్కడ దొరుకుతుంది అని అడుగుతోంది, అక్కర్లేకపోయినా నేర్చుకుంటుందట. లెర్నర్ టెస్ట్ వచ్చే వారం, అది అవగానే మీకు మెసేజ్ పెట్టిస్తా.