3వ టెన్నెస్సీ కావల్రీ ఖైదీలను ముంచింది బొగ్గు బాంబా, బాయిలరా?

గుర్రపుడెక్క: అమెరికా అంతర్యుద్ధంలో, 1864 సెప్టెంబరు 25న అలబామాలోని సల్ఫర్ బ్రాంచ్ దగ్గర దక్షిణాది (కాన్ఫెడరేట్) సేనాని ఫారెస్ట్‌కు చిక్కిన ఉత్తరాది (యూనియన్) రౌతులు వీళ్లు. కహాబా జైల్లో చిక్కి శల్యమై, విడుదలై ఇళ్లకు పోతుంటే 1865 ఏప్రిల్ 27 వేకువన మెంఫిస్ ఎగువన మిసిసిపీ నది మీద వాళ్లెక్కిన సుల్తానా స్టీమరు పేలింది. ఆ పని తనదేనని దక్షిణాది తరఫు విధ్వంసకుడు రాబర్ట్ లౌడెన్ ఒప్పుకున్నాడని 1888లో పత్రికల్లో వచ్చింది. బొగ్గు బాంబంటే ఇదే: పోత ఇనుప గుల్లలో తుపాకిమందు కూరి, తారు, బొగ్గుపొడి పూస్తే బొగ్గు కుప్పలో కలిసిపోతుంది. బాంబు మాటను అంత తేలిగ్గా కొట్టెయ్యకండి.

రివెట్: బొగ్గు బాంబు పేలాల్సింది పొయ్యిలో. ఇక్కడ పగిలింది బాయిలర్ల వెనక పైభాగం. పైగా ఖైదీలు ఎక్కిన విక్స్‌బర్గ్ రేవులో ఒక బాయిలరు రేకు ఉబ్బితే 26 అంగుళాల పొడవు, 11 అంగుళాల వెడల్పు అతుకు వేశారు. అసలు రేకు 0.35 అంగుళం మందం, అతుకు 0.25. బాయిలరు వ్యాసం మారనప్పుడు తట్టుకునే పీడనం మందాన్ని బట్టే ఉంటుంది. అంటే చదరపు అంగుళానికి 145 పౌన్లకు అనుమతి ఉన్నదాన్ని దాదాపు 100కు దించాలి. దించలేదు.

గుర్రపుడెక్క: అదే అతుకుతో మెంఫిస్ దాకా రెండు రోజులు నడిచిందిగా?

రివెట్: మెంఫిస్‌లో ఏం మారిందో చూడండి. అడుగున ఉన్న చక్కెర పీపాలు దించేశారు, పై డెక్కుల మీద మనుషులు అలాగే ఉన్నారు. బరువంతా పైకొచ్చి పడవ పక్కలకు ఒరగసాగింది. ఒరిగినప్పుడల్లా నాలుగు బాయిలర్ల నీళ్లు ఒక వైపుకు పోతాయి. ఎండిన చోట ఇనుము ఎర్రబడుతుంది, తిరిగొచ్చిన నీళ్లు గుప్పున ఆవిరవుతాయి. దానికి తోడు మిసిసిపీ బురద. ఒక్కో బాయిలర్లో 24 గొట్టాలు ఇరుకిరుగ్గా ఉంటే మధ్యలో పేరుకున్న మట్టిని గీకడం ఎవరి తరం?

పాతకాగితం: మీరిద్దరూ ఇనుము దగ్గరే ఆగిపోయారు. పడవ పరిమితి 376 మంది, ఎక్కించింది రెండు వేల పైనే. సైనికుడికింత, అధికారికింత చొప్పున ప్రభుత్వం చెల్లించేది. విక్స్‌బర్గ్ రేవులోనే పాలిన్ కారల్ అనే మరో స్టీమరు ఖాళీగా ఉన్నా అందర్నీ దీనిలోకే తోశారు. లంచం మాట అప్పుడే పుట్టింది. కోర్టు మార్షల్‌లో (సైనిక న్యాయస్థానంలో) దోషిగా తేలింది ఖైదీలను ఎక్కించే పని చూసిన కెప్టెన్ స్పీడ్ ఒక్కడే, ఆ తీర్పునూ తర్వాత కొట్టేశారు. సైన్యం రవాణా చూసే అధికారి (క్వార్టర్‌మాస్టర్) హాచ్‌పై విచారణే జరగలేదు. ఈతకు సత్తువ లేనివాళ్లని తెలిసీ, వరదలో ఉన్న నది మీద ఇంతమందిని కుక్కినవాళ్లదే మొదటి తప్పు. బాంబు కథ వాళ్లకే మేలు చేస్తుంది.