1958 నాటి సిడ్నీ టీవీ రీలు: స్కాన్ 24లోనా, 25లోనా?

ప్రశ్న (పాతరీలు)
1958లో సిడ్నీలో ప్రసారమైన కార్యక్రమం 16 ఎంఎం రీలు స్కాన్ చేయించాలి. 400 అడుగులు, నలుపు తెలుపు, ఒక అంచున రంధ్రాలు, రెండో అంచున సౌండ్ ట్రాక్. బొమ్మలో సన్నటి అడ్డగీతలున్నాయి. డబ్బా తీస్తే వెనిగర్ వాసన. ల్యాబు వాళ్లు సెకనుకు 24 ఫ్రేములు అంటున్నారు, సరైనదేనా? ముందు ప్రొజెక్టర్‌లో వేసి చూడొచ్చా?

ఫ్రేమ్25
ప్రొజెక్టర్‌లో వేయకండి! ఆ గీతలు టీవీ స్కాన్ లైన్లు. మానిటర్ ఎదుట ఫిల్ము కెమెరా పెట్టి తీసిన కాపీ అది. 1962లో రెండు నగరాలనూ కలిపే కోయాక్సియల్ కేబుల్ (టీవీ సంకేతాలు మోసే తీగ) వచ్చేదాకా సిడ్నీ కార్యక్రమం మెల్‌బోర్న్‌లో చూపాలంటే ఇలా తీసిన రీలు పంపడమే ముఖ్యమైన దారి. 1956లో మొదలైనప్పటినుంచీ అక్కడి టీవీ 625 లైన్లు, సెకనుకు 25 ఫ్రేములు. కెమెరా కూడా అదే వేగంతో తిరిగేది. కాబట్టి 25 అనే రాయించండి. 16 ఎంఎంలో అడుగుకు 40 ఫ్రేములు, మీ రీలు 10 నిమిషాల 40 సెకన్లు రావాలి. 24లో నడిపితే 11 నిమిషాల 7 సెకన్లవుతుంది, గొంతులు కూడా నాలుగు శాతం దాకా దిగిపోతాయి.

పాతరీలు
మధ్యలో ఒక ప్రకటన సినిమా కెమెరాతో తీసినట్టుంది. అది 24 కదండీ?

ఫ్రేమ్25
తీసింది 24లోనే అయినా, ప్రసారంలో టెలిసినీ (ఫిల్మును టీవీ బొమ్మగా మార్చే యంత్రం) దాన్ని 25లోనే నడిపింది. ఇంట్లో జనం చూసిందీ ఆ వేగమే. విడదీయకండి.

డబ్బామూత
వాసన సంగతి. 16 ఎంఎం అంటే అసిటేట్ అనే ప్లాస్టిక్ ఫిల్ము, కాబట్టి పాత 35 ఎంఎం నైట్రేట్ రీళ్లలా నిప్పంటుకునే భయం లేదు. కానీ ఆ వాసనకు కారణమైన ఆమ్లం ఫిల్మును మరింత తొందరగా కుళ్లబెడుతుంది, పక్క రీళ్లకూ పాకుతుంది. ఇవాళే వేరు చేసి, గాలి ఆడేచోట పెట్టండి. ఏ-డి స్ట్రిప్పు (ఆమ్లాన్ని బట్టి రంగు మారే కాగితం) ఒకటి డబ్బాలో 24 గంటలు ఉంచండి: నీలం నుంచి ఆకుపచ్చకు, పసుపుకు మారేకొద్దీ జబ్బు ముదిరినట్టు. తర్వాత 100 ఫ్రేముల పొడవు కొలవండి. ప్రింటైతే 762 మిల్లీమీటర్లు ఉండాలి. 754 దాకా తగ్గితే ఒక శాతం ముడుచుకుంది, ప్రొజెక్టర్ పళ్లచక్రం రంధ్రాలను చింపేస్తుంది. పళ్లచక్రాల్లేని స్కానరున్న ల్యాబునే పట్టుకోండి.

ఫ్రేమ్25
ఇంకోటి, ల్యాబుకు రాసివ్వండి: డీఇంటర్లేస్ (టీవీ లైన్లను కలిపి నునుపు చేయడం) వద్దు, షార్పెనింగ్ (అంచులకు పదును పెట్టడం) వద్దు. ఆ లైన్లున్న బొమ్మను చిన్న సైజుకు దించితే అలల్లాంటి మచ్చలు పడతాయి, అందుకే 2కే (అడ్డంగా సుమారు 2,000 చుక్కల) స్కాన్ ఫైలు అలాగే ఉంచుకోండి. ఈ ప్రింట్లలో శబ్దం బొమ్మకన్నా 26 ఫ్రేములు ముందుంటుంది. పెదవులు కలవకపోతే మొదట చూడాల్సింది అదే.