ఓమనగుంటలకు సెన్సర్ పెడితే ఆట బాగుపడుతుందా, పాడవుతుందా?

లెక్కల సార్, దేవరకొండ:
మా బడి అటల్ టింకరింగ్ ల్యాబ్‌లో (పిల్లలు సొంతంగా పరికరాలు చేసి చూసే గది) ఎనిమిదో తరగతి పిల్లలు ఓమనగుంటల పీటను డిజిటల్ ఆటగా మారుద్దామంటున్నారు. గింజలు వేస్తుంటే లైట్లు వెలగాలట, స్కోరు కంప్యూటరే చెప్పాలట. నాకు ఇష్టమే. స్టాఫ్ రూంలో సగం మంది వద్దంటున్నారు. మీరేమంటారు?

పాలమూరు అక్క:
వద్దు సార్. ఆ ఆటంతా లెక్కే కదా. ఏ గుంట తీస్తే ఆఖరి గింజ ఎక్కడ పడుతుందో పిల్ల మనసులోనే చూసుకోవాలి. మా అమ్మమ్మ వేలు పెట్టకుండానే చెప్పేది. ఆ పని మిషన్ చేస్తే పిల్లకు మిగిలేది గింజలు పంచుడే.

మిర్యాలగూడ సర్క్యూట్:
అక్కా, మిషన్‌కు అంత తెలివి ఎక్కడిది! చింతగింజలో కరెంటు పారదు. మేకీ మేకీ బోర్డు (కరెంటు పారే వస్తువును తాకితే కంప్యూటర్ కీ నొక్కినట్టు చేసే చిన్న సర్క్యూట్) పెట్టాలంటే గుంట అంచుకు అల్యూమినియం ఫాయిల్ అంటించాలి, ఆడే పిల్ల ఇంకో చేత్తో ఎర్త్ వైరు పట్టుకోవాలి. అప్పుడు కూడా చెయ్యి తగిలిందని మాత్రమే తెలుస్తుంది. ఎన్ని గింజలు పడ్డాయో తెలియదు. బరువు తూచి లెక్కపెడదామంటే 14 గుంటలకు 14 లోడ్ సెల్స్ (బరువు కొలిచే సెన్సర్లు) కావాలి. చింతగింజలేమో ఒక్కోటి ఒక్కో బరువు. కాబట్టి లెక్క పిల్లదే.

జడ్చర్ల నాన్న:
నా టెన్షన్ వేరే. ఇట్లాంటి బొమ్మలు కంపెనీ ఉన్నన్నాళ్లే. కోజ్మో రోబోను చేసిన ఆంకీ 2019లో మూతపడింది. కేలా అనే మాట్లాడే బొమ్మనైతే ఇంట్లో మాటలు బయటికి పోతాయని 2017లో జర్మనీ నిషేధించింది. చింతగింజలకు అప్‌డేట్ ఉండదు, పాస్‌వర్డ్ ఉండదు.

లెక్కల సార్, దేవరకొండ:
అన్నా, మేం కొనడం లేదు, పిల్లలే చేస్తున్నారు. స్క్రాచ్ అనే పిల్లల కోడింగ్ సాఫ్ట్‌వేర్‌లో కోడ్, కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసుకుంటే నెట్ కూడా అక్కర్లేదు. చెడిపోతే వాళ్లే విప్పుతారు.

నారాయణపేట టీచర్:
మా క్లాసులో చూపు లేని పాప ఉంది. తన గింజలు వేళ్లతో తడిమి చకచకా లెక్కపెడుతుంది. ఎదుటి పిల్ల ఏ గుంట తీసిందో మాత్రం పక్కనున్నవాళ్లు చెప్పాలి. వాళ్లేమో ఒక్కోసారి కావాలనే తప్పు చెప్తారు. గుంటకో చప్పుడు వస్తే చాలు. లైట్లు, స్కోరు మీరే ఉంచుకోండి.

పాలమూరు అక్క:
దానికైతే సరే అంటాను. స్కోరు మాత్రం వద్దు సార్. తొండి చేశావని కొట్లాడుకోకపోతే అది ఓమనగుంటలు ఎట్లయితది?

మిర్యాలగూడ సర్క్యూట్:
టీచర్ గారు, అట్లయితే ఎదుటి వరస 7 గుంటలకే వైర్లు లాగండి. బోర్డు ముందువైపు 6 కనెక్షన్లున్నాయి, ఏడోది వెనకవైపు నుంచి తీసుకోవచ్చు. చప్పుళ్లు సరిగమలు పెడితే వరసగా గుర్తుంటాయి. ఎర్త్ వైరు ఎదుటి పిల్ల చేతికి కట్టండి, పాప చేతికి కాదు.

లెక్కల సార్, దేవరకొండ:
సోమవారం పిల్లల ముందు పెడతాను. స్కోరు వదులుకుంటారేమో గానీ, లైట్ల దగ్గర గొడవ తప్పదు.