జాన్ డంకన్ టెంపెరా బొమ్మల్లో ఆ వెలుగు ఎక్కడిది?

నీలిమసి:
స్కాట్లాండ్ చిత్రకారుడు జాన్ డంకన్ 1913లో వేసిన ‘సెయింట్ బ్రైడ్’ ఎవరైనా గమనించారా? ఇద్దరు దేవదూతలు ఐర్లాండ్ సాధ్వి బ్రైడ్‌ని స్కాట్లాండ్‌లోని అయోనా దీవి నుంచి సముద్రం మీదుగా బెత్లెహేముకి మోసుకెళ్తుంటారు, క్రీస్తు పుట్టుక చూడటానికి. నేను ఆక్రిలిక్‌లో అలాంటివి వేస్తుంటే అంతా ప్లాస్టిక్‌లా మెరుస్తోంది. తేడా రంగులోనా, కథలోనా? షాపులో టెంపెరా అడిగితే పోస్టర్ కలర్ చేతిలో పెడుతున్నారు, అదేనా ఇది?

పచ్చసొన:
అది వేరు, ఇది వేరు. మధ్యయుగంలో వాడింది గుడ్డు పచ్చసొన. సొన మీది పొర తీసేసి, కాస్త నీళ్లు కలిపి, నీళ్లతో నూరిన రంగుపొడిలో వేస్తారు. చూస్తుండగానే ఆరిపోతుంది, అందుకే ఆయిల్‌లోలాగా ఒక రంగులోకి ఇంకోటి మెల్లగా కలపడం కుదరదు, సన్నటి కుంచెతో గీత పక్కన గీత పెట్టుకుంటూ పోవాల్సిందే. ఆ పల్చటి పొరల కిందనుంచి తెల్లటి పూత కనిపిస్తుంటుంది, మీరడిగిన వెలుగు అదే. పూత అంటే సుద్ద, తోలు జిగురు కలిపి చెక్క మీద పూసేది. షాపుల్లో దొరికే ఆక్రిలిక్ జెస్సో, అంటే ప్లాస్టిక్ జిగురుతో చేసిన తెల్ల పూత, దాని మీద ఈ రంగు సరిగ్గా పట్టదు. డంకన్ కాన్వాస్ మీద వేశాడు నిజమే, కానీ ఆరాక పెళుసెక్కే రంగు కాబట్టి మీరు మాత్రం చెక్కతోనే మొదలుపెట్టండి.

దారినపోయేవాడు:
సొన కలిపితే కథ దానంతటదే వస్తుందా ఏంటి? డంకన్ కథని బొమ్మ కట్టుబడిలోకే దించాడు. దేవదూతల వస్త్రాల మీద క్రీస్తు జీవిత ఘట్టాలు ఉంటాయి, చుట్టూ నగిషీల అంచు, రెక్కలు ఆ అంచు మీదకి కూడా వచ్చేస్తాయి. బ్రైడ్ పేరుతో క్రైస్తవం రాకముందు ఐర్లాండ్‌లో ఒక దేవత కూడా ఉండేది, రెండూ కలిసిపోయిన కథ అది. 1911 నాటి ‘రైడర్స్ ఆఫ్ ది షీ’ చూడండి, కొండల్లోని దేవగణం చెట్టు, గిన్నె, కత్తి, స్ఫటికం పట్టుకుని గుర్రాల మీద వస్తుంటుంది. నాకైతే అందులో ముఖాలు మరీ తియ్యగా ఉంటాయి, అది వేరే గొడవ. కానీ ఏ వస్తువు ఎవరి చేతిలో ఎందుకుందో తెలియకుండా అల్లికలు మాత్రం దింపుకుంటే మిగిలేది గ్రీటింగ్ కార్డే.

పచ్చసొన:
ఒప్పుకుంటా. కానీ నీడలు కలిసిపోకుండా గీత తేటగా నిలబడటం వల్లే కదా ఆ మనుషులు ఈ లోకం వాళ్లలా అనిపించరు! ఆయిల్‌లో వేసుంటే గాల్లో వేలాడుతున్న మోడల్స్‌లా ఉండేవారు.

అజంతాపిచ్చి:
మధ్యలో దూరుతున్నా. ఈ పద్ధతి ఇంగ్లండ్‌లో మళ్లీ లేవడానికి ఒక పెద్ద కారణం క్రిస్టియానా హెరింగమ్, ఇటలీ చిత్రకారుడు చెన్నీనీ రాసిన పాత చేతిపనుల పుస్తకాన్ని 1899లో ఇంగ్లీషులోకి తెచ్చింది ఆవిడే. ఆ తర్వాత 1909–11 చలికాలాల్లో అజంతాకి వచ్చి గోడచిత్రాలకి నకళ్లు తీశారు. అజంతా అప్పుడు నిజాం రాజ్యంలోది, కలకత్తా నుంచి నందలాల్ బోస్ వాళ్లు వస్తే హైదరాబాద్ నుంచి సయ్యద్ అహ్మద్, మహమ్మద్ ఫజలుద్దీన్ ఆ పనిలో చేరారు.

నీలిమసి:
ఇది అస్సలు తెలీదు, థాంక్స్ అండీ. చెక్క, సుద్ద దొరుకుతాయి. రంగుపొడుల్లో హరిదళం అనే పసుపు ఖనిజం వాడొచ్చా? బుక్ ఆఫ్ కెల్స్ అనే పాత బొమ్మల సువార్త చేతిరాత పుస్తకంలో పసుపు అదే అంటారుగా.

పచ్చసొన:
అదే, కానీ అందులో ఉండేది ఆర్సెనిక్, విషం, ఇంట్లో నూరొద్దు. పసుపు ఓకర్ అనే మట్టిరంగు తీసుకోండి.